ఒక్క 'భీ' తప్పితే కసూర్ ఎవరిది?

మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో నెట్‌వర్క్ ఇంజినీరు. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. పోయిన నెల ఓ రోజు ఫజర్ అజాన్ కంటే ముందే వాడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే మన ఇళ్లలో ముందు గుండె గుభేల్మంటుంది, చెయ్యి ఆ తర్వాతే ఫోన్ మీదికి పోతుంది. అందరూ ఖైరియత్‌గానే ఉన్నారు. వాడి నౌకరీ మాత్రం ఊగిసలాడుతోంది.

"మామూ, ఏక్ లఫ్జ్ ఛూట్ గయా" అన్నాడు.

జరిగింది ఇదీ. వాళ్ల కంపెనీకి ఊరి బయట ఓ గోదాం ఉంది. అక్కడ కొత్తగా సీసీ కెమెరాలు బిగించారు. వాటికి నెట్‌వర్క్‌లో దారి ఇవ్వాలి. గోదాంలో ఉన్న స్విచ్‌కి ఒకే కేబుల్ వెళ్తుంది గానీ, ఆ కేబుల్ లోపల వేర్వేరు దారులుంటాయి. బిల్లింగ్ కంప్యూటర్లకు ఒకటి, ఫోన్లకు ఒకటి, ఇంజినీరు తన ఆఫీసులో కూర్చునే ఆ స్విచ్‌లోకి వెళ్లడానికి ఇంకొకటి. వీటిని వీలాన్ అంటారు, ప్రతిదానికీ ఓ నంబరు. కెమెరాలది 30. మావాడు ఇవ్వాల్సిన హుకుం "30కి కూడా ఇజాజత్ ఇవ్వు" అని. ఇచ్చింది "30కి ఇజాజత్ ఇవ్వు" అని. మధ్యలో ఉండాల్సిన 'యాడ్' అనే చిన్న మాట పడిపోయింది. మన భాషలో చెప్పాలంటే ఒక్క 'భీ' ఎగిరిపోయింది.

స్విచ్ ఏం అడగలేదు. 30కి మాత్రమే అనుకుంది. అంతకుముందున్న జాబితా మొత్తం తుడిచేసింది. బిల్లింగ్ ఆగింది, ఫోన్లు ఆగాయి, మావాడు లోపలికి వెళ్లిన దారి కూడా ఆ జాబితాలోదే కాబట్టి కూర్చున్న కొమ్మ తెగినట్టు వాడూ బయట పడ్డాడు. లోడైన లారీలు బిల్లు కోసం గేటు దగ్గర నిలబడిపోయాయి. చివరికి గోదాం సెక్యూరిటీ గార్డుని సెల్‌ఫోన్‌లో పట్టుకుని, స్విచ్ ప్లగ్గు పీకి మళ్లీ పెట్టించాడు. కొత్త హుకుంని ఇంకా సేవ్ చేయలేదు గనుక, పాత జాబితా తిరిగొచ్చింది. మొత్తం 40 నిమిషాలు. పొద్దున్నే మెమో చేతిలో పెట్టారు. "నిర్లక్ష్యం" అని ఒకటే మాట అందులో.

"మీరు అఖ్బార్‌లో రాస్తారు కదా మామూ, జవాబు మీరే రాసిపెట్టండి" అని వాడి దర్ఖాస్తు. సరేనని మాఫీనామా మొదలుపెట్టాను. రెండు లైన్లు రాశాక కలం ఆగిపోయింది. వీడి గలతీ ఉంది, కాదనను. కానీ అంత పెద్ద మార్పు అడిగే హుకుం అంత పొట్టిగా వస్తే, ఆ యంత్రం నోరు తెరిచి ఒక్క సవాల్ అడగకపోవడం ఎవరి గలతీ?

నేను కంప్యూటర్ చదువు చదివినవాణ్ని కాను. కర్నూలులో పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, తర్వాత తెలుగు డిగ్రీ. అయినా ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనిపించింది. ఎందుకంటే ఇది మొదట కవాయిద్ సంగతి, వ్యాకరణం సంగతి. కంప్యూటర్ దాని తర్వాతే.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఫేల్, ఫాయిల్, మఫూల్. పని, చేసేవాడు, ఆ పని ఎవరి మీద పడుతుందో అది. మా ఉస్తాద్ బోర్డుని రెండు భాగాలు చేసి ఒక వైపు ఫేలె లాజిమ్, ఇంకో వైపు ఫేలె ముతఅద్దీ రాసేవారు. సోనా, రోనా, హఁస్నా లాజిమ్. ఇవి తమంతట తామే పూర్తవుతాయి. "బచ్చా సోయా" అంటే చాలు. తోడ్నా, మార్నా, మిటానా ముతఅద్దీ. వీటికి మఫూల్ కావాల్సిందే. క్లాసులో ఎవరైనా లేచి "మైనే తోడా" అని కూర్చోబోతే ఉస్తాద్ కూర్చోనిచ్చేవారు కాదు. "క్యా తోడా?" అని అడిగి, పలకో, చాక్‌పీసో, పక్కవాడి చెయ్యో, ఏదో ఒకటి చెప్పేదాకా నిలబెట్టేవారు. తర్వాత డిగ్రీలో ఇదే పాఠం అకర్మకం, సకర్మకం అన్న పేర్లతో మళ్లీ ఎదురైంది. వాక్యానికి ఆకాంక్ష అనేది ఒకటి ఉంటుందని అక్కడే విన్నాను. ఒక మాట ఇంకో మాట కోసం ఎదురుచూస్తుంది, అది వచ్చేదాకా జుమ్లా పూర్తి కాదు.

కమాండ్ లైన్ అంటే అచ్చం ఇదే. మౌస్ ఉండదు, బొమ్మలుండవు. నల్లటి తెర మీద ఒక జుమ్లా టైపు చేసి ఎంటర్ కొట్టడమే. మొదటి మాట ఫేల్. దాని వెనక వచ్చేవాటిని వాళ్లు ఆర్గ్యుమెంట్లంటారు. (ఆర్గ్యుమెంట్ అనగానే బహస్ అనుకున్నాను నేను. మా భాంజా నవ్వాడు.) మన లెక్కలో అవి మఫూల్, దానికి సంబంధించిన మిగతా మాటలు. నా ఖయాల్ ఇంతే: తుడిచే, కోసే, మార్చే హుకుంలో మఫూల్ లేకపోతే ఆ పరికరం "క్యా తోడా?" అని అడిగి ఆగిపోవాలి. పని చేయకూడదు. చూపించే హుకుంలో మఫూల్ లేకపోతే ఉన్నదంతా చూపించెయ్యొచ్చు, దానివల్ల ఎవరికీ నుక్సాన్ లేదు.

ఇదేదో నేను ఇంట్లో కూర్చుని కల్పించిన ఉసూల్ కాదు. లినక్స్‌లో 'ఐపీ' అనే పరికరం ఉంది. రష్యన్ ప్రోగ్రామర్ అలెక్సీ కుజ్నెత్సోవ్ మొదలుపెట్టింది. ప్రపంచంలో కోట్ల సర్వర్ల మీద నడుస్తోంది. దానికి "రూట్ షో" అని చెప్పి ఊరుకుంటే ప్రధాన పట్టికలోని దారులన్నీ చూపిస్తుంది. "రూట్ ఫ్లష్" అని చెప్పి ఊరుకుంటే మాత్రం దారులు తుడవదు, ఎలా వాడాలో చెప్పే కాగితం ముందు పెడుతుంది. రెండు హుకుంల నడక ఒకటే, ఖాళీ ఒకటే. ఒకచోట ఖాళీ అంటే "అన్నీ", ఇంకోచోట ఖాళీ అంటే "నీ మతలబ్ ఏమిటో చెప్పు". అడ్రసుల్ని తుడిచే ఫ్లష్ కూడా అంతే, మఫూల్ లేకుండా కదలదు. ఈ హుకుం ప్రమాదకరం, పొరపాటు చేస్తే మాఫ్ చేయదు అని దాని సూచనల పేజీలోనే రాసి ఉంటుంది. జుమ్లా మధ్యలో ఆపేస్తే ఆ పరికరం చెప్పే మాట ఏమిటో మావాడు చూపించాడు. తర్జుమా చేస్తే "హుకుం పూర్తి కాలేదు" అని వస్తుంది. మా ఉస్తాద్ ఉండుంటే ఆ పరికరానికి శభాష్ అనేవారు.

అదే లినక్స్‌లో ఫైర్‌వాల్ నడిపే 'ఐపీటేబుల్స్' అనే మరో పరికరం ఉంది. దానికి తుడిచే హుకుం ఇచ్చి, ఏ గొలుసులోని నియమాలు తుడవాలో చెప్పకపోతే ఆ పట్టికలో ఉన్న గొలుసులన్నిటినీ తుడిచేస్తుంది. "నియమం లేనివాణ్ని లోపలికి రానివ్వకు" అన్న మూల విధానం అప్పటికే పెట్టి ఉందనుకోండి. నియమాలు పోతాయి, ఆ విధానం మిగిలిపోతుంది. దూరం నుంచి పనిచేస్తున్న ఇంజినీరు ముఖం మీదే తలుపు పడుతుంది. ఇది నేర్చుకోని నెట్‌వర్క్‌వాడు లేడట. నేర్చుకున్నవాళ్లలో చాలామంది అలా ఒకసారి బయట పడ్డాకే నేర్చుకున్నారట.

ఇక్కడ మీరొక మాట అనొచ్చు. ఇన్సాన్లు ఇలా మఫూల్ మింగేసే మాట్లాడుకుంటారు కదా అని. నిజమే. మా అమ్మీ వంటింట్లోంచి "వో జరా లా రే" అంటే నేను పట్టకారు తీసుకెళ్లేవాణ్ని. ఒక్కసారీ పొరబడలేదు. పొయ్యి మీద ఏముందో, అమ్మీ చేతిలో ఏముందో నాకు తెలుసు. 'వో' అన్న మాట వెనక ఇల్లంతా ఉంది. స్విచ్ వెనక ఇల్లు లేదు. దానికి పొయ్యీ తెలియదు, లారీలు గేటు దగ్గర నిలబడతాయనీ తెలియదు.

ఆ మాటకొస్తే ఇన్సాన్లు కూడా ఒకే గదిలో లేనప్పుడు ఇలా నింపుకుంటే చెడిపోతారు. కొత్తగా విలేకరినైనప్పుడు ఒక చిన్న ఖబర్ పంపాను. ఈద్గా దగ్గర నీళ్ల ట్యాంకు పని పూర్తయిందని. ఊరి పేరు రాయడం మరిచిపోయాను. డెస్క్‌లో ఉన్నాయన ఫోన్ చేసి అడగలేదు, తన ఊరి పేరే పెట్టి వేసేశాడు. ఆ ఊళ్లో ఈద్గా ఉంది, ట్యాంకు లేదు. మర్నాడు అక్కడివాళ్లు ఖాళీ బిందెలతో మునిసిపల్ ఆఫీసు ముందు కూర్చున్నారు. నాకు తిట్లు పడ్డాయి, పడాల్సిందే. అయితే ఆ రోజు నా ఖబర్‌ని "ఏ ఊరు?" అని తిప్పి పంపి ఉంటే, నాకు ఐదు నిమిషాల షర్మిందగీతో పోయేది.

ఖాళీని ఎవరో తోచినట్టు నింపేస్తే ఎంత దూరం పోతుందో 2024లో ప్రపంచం చూసింది. ఆస్ట్రేలియాలో యూనీసూపర్ అని ఒక పింఛను నిధి ఉంది. 6 లక్షలకు పైగా సభ్యులు, దాదాపు 12,500 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల సొమ్ము. వాళ్ల కంప్యూటర్ వ్యవస్థ గూగుల్ క్లౌడ్‌లో నడిచేది. దాన్ని ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ ఉద్యోగులు తమ లోపలి పరికరం ఒకటి వాడారు. అందులో ఒక విలువ రాయకుండా ఖాళీ వదిలారు. పరికరం అడగలేదు. ఖాళీ అంటే ఒక ఏడాది గడువు అని తనంతట తనే పెట్టుకుంది. అలా పెట్టుకుంటుందన్న సంగతి అప్పటికి ఆ పని చేస్తున్నవాళ్లకు తెలియదు. ఏడాది తిరిగింది. గడువు అయిపోయిందని ఆ మొత్తం ప్రైవేట్ క్లౌడ్‌ని దానంతట అదే తుడిచేసింది. కస్టమర్ అడిగి తుడిపించింది కాదు గనుక ముందుగా ఖబర్ కూడా వెళ్లలేదు. సభ్యులు వారానికి పైగా తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. సొమ్ము పోలేదు. బ్యాకప్‌లు గూగుల్ దగ్గరి వేరే నిల్వలోనూ, వేరే కంపెనీ దగ్గరా ఉన్నాయి గనుక వ్యవస్థ తిరిగి నిలబడింది. తర్వాత గూగుల్ వివరంగా రాసిన బ్లాగులో ఈ సంగతి దాచలేదు. ఒక విలువ ఖాళీగా ఉండిపోయిందనే రాసింది.

ఆ పింఛనుదారుల గురించి చదువుతుంటే నాకు మా అమ్మీ ఆధార్ కార్డు గుర్తొచ్చింది. పుట్టిన తేదీ జనవరి 1. అమ్మీకి తన తేదీ తెలియదు, వర్షాకాలమని మాత్రం తెలుసు. మన వాడల్లో జనవరి 1న పుట్టినవాళ్లు ఎంతమందో మీ ఇంట్లో కార్డులు తీసి చూడండి. గడి ఖాళీగా ఉంది, ఎవరో నింపారు, ఇప్పుడది సర్కారీ సచ్చాయి. ఆ రోజుకి ఆ గడి నింపడం సులువుగానే ఉండుంటుంది. పింఛను దగ్గరా, పాస్‌పోర్టు దగ్గరా ఒకదానికొకటి కుదరక తిరిగేది మాత్రం నింపినవాడు కాదు.

2025 జూన్ 12న, మళ్లీ గూగుల్ క్లౌడ్‌లోనే ఇంకోటి. ఒక విధానపు రికార్డులో కొన్ని గడులు ఖాళీగా ఉండిపోయాయి. దాన్ని చదివే ప్రోగ్రాం ఖాళీని ఊహించలేదు, కూలిపోయింది. ఆ రికార్డు కొన్ని సెకన్లలోనే ప్రపంచమంతా చేరిపోవడంతో అన్నిచోట్లా కూలింది. ఖాళీని తోచినట్టు నింపడం ఒక గలతీ అయితే, ఖాళీ అనేది వస్తుందనే అనుకోకపోవడం ఇంకో గలతీ. రెండింటికీ ఇలాజ్ ఒకటే. గుమ్మం దగ్గరే ఆపి, ఇది అధూరా అని చెప్పి వెనక్కి పంపాలి.

మా భాంజా సీనియర్ ఒకాయన ఉన్నాడు, 20 ఏళ్ల తజ్రుబా. ఆయనతో కూడా మాట్లాడాను. ఆయన దలీల్ తీసిపారేసేది కాదు. "సాబ్, ఇవి పనివాళ్ల పనిముట్లు. కసాయి కత్తికి ప్లాస్టిక్ తొడుగు వేస్తే ఎవరి వేలూ తెగదు, మాంసమూ తెగదు. ప్రతి మాటా అడిగే పరికరంతో రాత్రికి వంద స్విచ్‌లు ఎవడు చూస్తాడు? పైగా ఇరవై ఏళ్లుగా రాసిపెట్టిన స్క్రిప్టులున్నాయి. ఇవాళ మీరు ఒక మాట తప్పనిసరి చేస్తే రేపు అవన్నీ పడిపోతాయి" అన్నాడు.

స్క్రిప్టుల మాట నిజం. పాత అలవాటుని ఒక్క రాత్రిలో మార్చకూడదు. ముందు కొన్నాళ్లు హెచ్చరిక ఇచ్చి, తర్వాతే తిప్పికొట్టాలి. కత్తి మాట మాత్రం నాకు ఎక్కలేదు. కసాయి కత్తి ఎంత పదునైనా, ఏ ముక్క కొయ్యాలో చెప్పకపోతే దుకాణంలో ఉన్నదంతా కొయ్యదు కదా! పదును ఉండనివ్వండి. నేను అడుగుతున్నది అంచనా వెయ్యొద్దని.

"అయితే 'నిజంగా చేయమంటారా' అని అడిగితే సరి" అని ఇంకొందరంటారు. నక్కో. ఆ ప్రశ్నకి అవును అని కొట్టడం వేళ్లకి ఆదత్ అయిపోతుంది. బ్యాంకులో లోను కాగితాల మీద వరసగా దస్తఖత్‌లు పెట్టినట్టే, చదివేవాడు ఉండడు. "అవునా?" అన్న సవాల్‌కి నిద్రలోనూ జవాబు చెప్పొచ్చు. "ఏది?" అన్న సవాల్‌కి మెలకువ కావాలి.

అలాగని ప్రతి ఖాళీనీ తిప్పికొట్టమనడం లేదు నేను. కొన్ని ఖాళీలను మంచివైపు నింపొచ్చు. జూనిపర్ రౌటర్లలో ఒక ఏర్పాటు ఉంది. మార్పు చేసి "కమిట్ కన్‌ఫర్మ్‌డ్" అంటే, ఇంజినీరు మళ్లీ వచ్చి ఖాయం చేయకపోతే ఆ మార్పు దానంతట అదే వెనక్కి పోతుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో చెప్పకపోతే 10 నిమిషాలు అనుకుంటుంది. ఇక్కడ ఖాళీ మతలబ్ "వెనక్కి తీసుకెళ్లడానికి సిద్ధంగా ఉండు" అని. అభ్యంతరం ఎవరికి? పింగ్ కూడా చూడండి. ఎవరికి పంపాలో చెప్పకపోతే కదలదు. ఎన్నిసార్లో చెప్పకపోతే విండోస్‌లో 4 సార్లు పంపి ఆగుతుంది, లినక్స్‌లో మనం ఆపేదాకా పంపుతూనే ఉంటుంది. చిన్న సంగతి, బహస్ అక్కర్లేదు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మాట తప్పిపోతే పట్టుకోవచ్చు గానీ, తప్పు మాట పడితే ఈ ఉసూల్ కాపాడదు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3లో జరిగింది అదే. కొన్ని సర్వర్లు తీసేయాల్సిన హుకుంలో ఒక విలువ తప్పుగా పడి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ పోయాయి. సగం ఇంటర్నెట్ గంటల తరబడి కుంటింది. అయితే అమెజాన్ తర్వాత ఏం చేసిందో చూడండి. మరీ తక్కువ సర్వర్లు మిగిలే పరిస్థితి వస్తే ఆ హుకుంని ఒప్పుకోకుండా పరికరాన్నే మార్చింది. జిమ్మేదారి వేళ్ల మీద వదలకుండా పరికరం మీద పెట్టింది. ఇక 2021 అక్టోబర్ 4 రాత్రి మీకూ గుర్తుండే ఉంటుంది. 9 గంటలు దాటాక వాట్సాప్ ఖామోష్ అయిపోయింది. గల్ఫ్‌లో కొడుకున్న ప్రతి ఇంట్లో ఆ రాత్రి ఫోన్ పాడైందనుకున్నారు, రీఛార్జ్ అయిపోయిందనుకున్నారు. జిద్దాలో ఉన్న మా దుల్హాభాయ్ గురించి ఆపా ఎన్నిసార్లు ఫోన్ తీసి చూసుకుందో! దాదాపు 6 గంటలు. ఫేస్‌బుక్ తమ నెట్‌వర్క్ సామర్థ్యం లెక్క చూడ్డానికి ఇచ్చిన ఒక హుకుం మొత్తం నెట్‌వర్క్ వెన్నెముకనే తెంపేసిందని తర్వాత చెప్పారు. అలాంటి హుకుంలని తిప్పికొట్టే పరికరం వాళ్లకి ఉంది. ఆ పరికరంలోనే లోపం ఉండి ఆపలేకపోయింది. కాపలావాణ్ని పెట్టాక వాడు మెలకువగా ఉన్నాడో లేదో కూడా మధ్యమధ్యలో లేచి చూడాలన్నమాట.

మళ్లీ మా భాంజా స్విచ్ దగ్గరికొస్తే, అక్కడ ఇంకో మెలిక ఉంది. కవాయిద్ ప్రకారం వాడిచ్చిన జుమ్లా అధూరా కాదు. "30కి ఇజాజత్ ఇవ్వు" అన్నదానిలో ఫేల్ ఉంది, మఫూల్ ఉంది. లేనిది 'భీ'. అలాంటప్పుడు పరికరం 'సిర్ఫ్' అని తనే చేర్చేసుకుంది. నా ఫైసలా ఏమిటంటే, 'భీ' అని గానీ 'సిర్ఫ్' అని గానీ ఏదో ఒకటి చెప్పడం తప్పనిసరి చేయాలి. రెండూ లేకపోతే హుకుం చెల్లకూడదు. ఒక మాట ఎక్కువ టైపు చేయడానికి రెండు సెకన్లు పడుతుంది. గోదాంలో పోయింది 40 నిమిషాలు.

మెమోకి జవాబు ఇద్దరం కలిసి రాశాం. మొదటి పేరాలో వాడి గలతీ వాడు ఒప్పుకున్నాడు. దూరం నుంచి మార్పు చేసే ముందు "10 నిమిషాల్లో రీలోడ్ అవ్వు" అని స్విచ్‌కి ముందే చెప్పి ఉంచాల్సింది, అది చేయలేదని కూడా రాశాడు. రెండో పేరాలో వాడొక స్క్రిప్టు జత చేశాడు. ఇకనుంచి టీమ్‌లో ఎవరైనా స్విచ్‌తో నేరుగా మాట్లాడకుండా దాని ద్వారా హుకుం ఇస్తే, 'కూడా'నో 'మాత్రమే'నో చెప్పేదాకా అది ముందుకు కదలదు. "నిర్లక్ష్యం అన్న మాట పక్కన ఈ లోపాన్ని కూడా నమోదు చేయండి" అని అడిగాం.

జవాబు ఇంకా రాలేదు. సీనియర్ మాత్రం ఆ స్క్రిప్టు చూసి ముందు నవ్వాడట. మొన్న రాత్రి ఆయనే దాన్ని వాడుతుంటే, "కూడానా, మాత్రమేనా?" అని ఆగిందట. ఆయన ఒక్క క్షణం తెరవైపు చూసి, ఏమీ అనకుండా 'కూడా' అని కొట్టాడట.